హాజరు పట్టీలో ఒకే పేరు

పూతలపట్టు,
07-04-2025, సోమవారం,
ఉదయం ఆరున్నర.

అమ్మా స్టెల్లాకు,

ప్రభువు నీడలో నువ్వు, అల్లుడు పాల్, మనవరాలు కెజియా చల్లగా ఉన్నారని తలుస్తూ మీ నాయన రాజారత్నం దీవించి రాసేది. ఇక్కడ నేను క్షేమం. అరవై తొమ్మిదో ఏట కూడా నాకు బీపీ లేదు, షుగరు లేదు, మోకాళ్ళ నొప్పి లేదు. చర్చిలో అందరూ దేవుడి దయ అంటారు. కాదనను. కానీ రోజూ తెల్లవారి అయిదింటికి ఈ కాళ్ళను రోడ్డు మీద పెట్టింది దేవుడు కాదు, నేను.

నువ్వు నా ఫోను ఎత్తవు. వాట్సాప్‌లో కూడా నన్ను ఆపేశావని పాల్ చెప్పాడు, పాపం నసుగుతూ చెప్పాడు. అందుకని ఉత్తరం. రోజుకు ఒక పేజీ రాస్తాను, ఆరున్నర నుంచి ఏడు దాకా. పేజీ నిండితే పెన్ను మూసేస్తాను. కూతురికి మంచి ఉత్తరం రాయాలని కూర్చున్నవాడు జన్మలో రాయడు. పేజీ నింపాలని కూర్చున్నవాడిది అయిదో రోజుకు పోస్టు డబ్బాలో పడుతుంది. నువ్వు చించేస్తావని తెలుసు. చించే ముందు చదువుతావని కూడా తెలుసు. నిన్ను పెంచింది నేనే కదా.

ఇక్కడి సంగతులు. గుణశేఖర్ సారు గుర్తున్నాడా, మా హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. వాళ్ళ చిన్నోడు ఇంటి ముందు గోడ మీద ఎర్ర రంగుతో 'ఒలింపిక్స్ 2024' అని రాయించుకున్నాడు. పక్కన అయిదు రింగులు, కింద వాడి పేరు. వారానికి రెండు రోజులు పరిగెత్తేవాడు, మిగతా అయిదు రోజులు ఆ గోడ ముందు ఫోటోలు దిగేవాడు. మొన్న ఆ గోడకు సున్నం కొట్టారు. వాడిప్పుడు తిరుపతిలో బైకుల షోరూములో బండ్లు తుడుస్తున్నాడు, పొట్ట కూడా వచ్చింది. గుణశేఖర్ నా దగ్గర కూర్చుని, ఏం చేసేది సారూ, మావోడికి పెద్ద లక్ష్యం ఉండె, టైము కలిసి రాలేదబ్బా అన్నాడు. నీ కొడుక్కి గోడ ఉండింది సారూ, కాళ్ళు లేకపాయె అన్నాను. మొహం మాడ్చుకుని లేచి పోయాడు. ఆ తర్వాత మాటల్లేవు. మంచి మనిషే, కానీ నిజం పడదు.

పేజీ అయిపోయింది. ఏడు గంటలు.

08-04-2025, మంగళవారం.

నువ్వు పంపిన మెసేజీ గురించి రాస్తాను. ఫోనులో నుంచి దాన్ని ఒక కాగితం మీద దించుకుని ముందు పెట్టుకున్నాను.

మొదట క్రిస్మస్ సెలవుల సంగతి. నీకు సెలవు దొరక్క, వేరే దిక్కు లేక పిల్లను మూడు రోజులు నా దగ్గర వదిలి పోయావు, వదిలినప్పుడే నా వైపు చూడకుండా పోయావు. నేను కెజియాను ఒక్క మాటతోనైనా బలవంతం చేయలేదు. పరుగెత్తు అని కూడా అనలేదు. పడుకునే ముందు బూట్లు మంచం పక్కన పెట్టించాను, అంతే. మొదటి రోజు గేటు దాకా పోయి వచ్చాం. రెండో రోజు సిద్ధమ్మ అంగడి దాకా. మూడో రోజు నేను నాలుగూ ముప్పావుకు లేచి చూస్తే పిల్ల మంచం మీద కూర్చుని ఉంది, బూట్లు కట్టుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని. తాతా, లేటయిపోయింది అంది! తొమ్మిదేళ్ళ పిల్ల. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి.

దాని అడుగు చూశావా? చూసి ఉండవు, నువ్వు చూసింది నడిరోడ్డు మీద నీ బిడ్డ ఉందని మాత్రమే. అచ్చం నీ అడుగు. కాదు, నీకన్నా మేలు. నీకు ఎడమ పాదం కొంచెం బయటికి తిరిగేది, దాన్ని దిద్దడానికి నాకు రెండేళ్ళు పట్టింది. దీనికి దిద్దాల్సింది ఏమీ లేదు. తాడు మీద నడిచినట్టు నేరుగా పోతుంది. అలాంటి పిల్లను నువ్వు మూడో రోజు తీసుకుపోదామని వచ్చి, బస్సు దిగీ దిగగానే చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోయావు. ఊరంతా చూసింది. సంచి కూడా తీసుకోలేదు.

ఆ తర్వాత ఈ మెసేజీ. 'నా బిడ్డను నీ దగ్గరికి పంపను. ఆ పొద్దు నేను పరిగెత్తేదానికి పోకుండా ఇంట్లో ఉండింటే మా అమ్మ బతికుండును. ఆ పరుగు నా బిడ్డకు వద్దు.' ఇదీ నువ్వు రాసింది. మూడు ముక్కలు. పదహారేళ్ళుగా నువ్వు నాకు ఏ కారణం చెప్పి మాట్లాడడం లేదో అదే కారణం మళ్ళీ రాశావు. నర్సు ఉద్యోగంలో కూడా అదే తిప్పి తిప్పి నమలుతున్నావని పాల్ అన్నాడు. ఎవరైనా ముసలామె చచ్చిపోతే ఇంటికొచ్చి అన్నం తినవంట. ఒక్కరి మంచం పక్కన లేనందుకు ఊరందరి మంచాల పక్కనా నిలబడుతున్నావు. నువ్వు దాన్ని ప్రాయశ్చిత్తం అనుకుంటున్నావు. అది ఉద్యోగం, తల్లీ. నెల కాగానే జీతం ఇస్తారు.

09-04-2025, బుధవారం.

రాత్రి వాన పడింది. అయినా అయిదింటికి పోయి వచ్చాను. మామిడి పిందెలు రోడ్డు మీద రాలి ఉన్నాయి, జారుతుంటే చూసుకుని నడిచాను.

పాల్ నన్నొక మాట అడిగాడు. మామా, చిన్నప్పుడు స్టెల్లాను బాగా కొట్టేవాళ్ళంట గదా అని. నువ్వు చెప్పకుండా వాడికెట్లా తెలుస్తుంది? నిన్ను ఒక్క దెబ్బ కొట్టానా? నా చెయ్యి ఏనాడైనా నీ ఒంటి మీద పడిందా? డ్రిల్లు మాస్టారుగా ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశాను, బెత్తం పట్టనివాణ్ణి నేనొక్కణ్ణే. కొట్టి పరిగెత్తిస్తే పిల్ల దెబ్బ ఉన్నంతవరకే పరిగెత్తుతుంది.

2003 జూన్ 9, సోమవారం. నీకు పదకొండేళ్ళు. బడిలో పారేసిన హాజరు పట్టీ ఒకటి తెచ్చి, మొదటి గీతలో నీ పేరు రాశాను. కింద ముప్పై తొమ్మిది గీతలు ఖాళీ. ఇంత పెద్ద పట్టీలో నేనొక్కదాన్నేనా నాయనా అని నవ్వావు. పతకాల గురించి నన్ను అడగొద్దన్నాను. ఎన్నాళ్ళు అని అడగొద్దన్నాను. అయిదింటికి నీ కాళ్ళు గేటు దాటాలి, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ దాకా పోయి రావాలి, నేను సైకిలు మీద వెనక వస్తాను, వచ్చాక పట్టీలో హాజరు వేస్తాను. అంతే ఏర్పాటు. గెలవాలని ఎప్పుడన్నా చెప్పానా? రాష్ట్రంలో ఫస్టు రావాలని నువ్వు నోటుబుక్కు అట్ట మీద రాసుకుంటే ఆ అట్ట చించింది నేనే.

ఎనిమిదో రోజు నువ్వు లేవలేదు. దుప్పటి ముసుగు పెట్టుకుని కడుపునొప్పి అన్నావు. నేను అరవలేదు. మీ అమ్మ అప్పుడే కాఫీ గ్లాసులో పోసుకుని పొయ్యి దగ్గర కూర్చుంది. ఆ గ్లాసు తీసుకుని తొట్టిలో ఒంపేశాను. పట్టీలో హాజరు పడేదాకా ఈమె నోట్లో ఏమీ పడకూడదు, అదీ ఈ ఇంటి పద్ధతి అన్నాను. మీ అమ్మ నాగులమ్మకు పొద్దున్నే కాఫీ లేకపోతే తలనొప్పి, చేతులు వణుకు. అది ఆమె బలహీనత. దాన్ని పనికి పెట్టాను. అయిదూ ఇరవైకి నువ్వు ముక్కు చీదుకుంటూ బూట్లు కట్టుకున్నావు. ఆ తర్వాత నేను నిన్ను లేపాల్సిన అవసరం రాలేదు. నేను లేచేసరికే నువ్వు గేటు దగ్గర ఉండేదానివి. ఆకలి నీదైతే ఓర్చుకునేదానివి, మీ అమ్మది కాబట్టి ఓర్చుకోలేకపోయావు. బిడ్డ మంచిది, ఆ మంచితనం నాకు తెలుసు.

ఇప్పుడు ఫోనుల్లో సూటు బూటు వేసుకున్నవాళ్ళు చెబుతున్నారు, లక్ష్యం వదిలెయ్యి, అలవాటు పట్టుకో, తప్పించుకునే దారులు మూసెయ్యి అని. లక్షల మంది చూస్తున్నారు. నేను ఇరవై రెండేళ్ళ కిందట పూతలపట్టులో చేసి చూపించాను, నా కూతురు కూడా ఒప్పుకోదు.

10-04-2025, గురువారం.

ఈ రోజు సిద్ధమ్మ మునక్కాయల కూర తెచ్చి ఇచ్చింది. నీ గురించి అడిగింది. నువ్వు లావైపోయావని ఫోటోలో చూసిందంట. నేనూ చూశాను, పాల్ పంపాడు. మెడ కోసం వెతికాను, దొరకలేదు.

నీకు అమ్మవారు పోసినప్పుడు గుర్తుందా? ఒళ్ళంతా పొక్కులు. మీ అమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుని, బిడ్డకు ఒళ్ళు కాల్తా ఉండాది, ఈ పొద్దొక్క దినం ఇడిసిపెట్టప్పా అని ఏడ్చింది. పరిగెత్తమని ఎవరన్నారు? గేటు దాకా పోయి ముట్టుకుని రమ్మన్నాను. ఇరవై అడుగులు. గోడ పట్టుకుని పోయి వచ్చావు. హాజరు పడింది. మరుసటి రోజూ అంతే. బాగా లేని రోజున కొంచెం చేస్తే చాలు, మానకూడదు. ఒక్క రోజు మానితే రెండో రోజు మానడం తేలిక.

చిత్తూరులో జిల్లా పోటీల్లో నీకు వెండి పతకం వచ్చినప్పుడు దాన్ని మన కుక్క మెడలో వేశాను. నువ్వు ఏడ్చావు, మీ అమ్మ ఏడ్చింది. కుక్క మటుకు ఎప్పటిలాగే తోక ఊపుకుంటూ పోయి పడుకుంది. ఆ రోజు నేను నీకు నేర్పాలనుకున్నది కుక్క నేర్చుకుంది, నువ్వు నేర్చుకోలేదు. మర్నాడు అయిదింటికి మాత్రం గేటు దగ్గర ఉన్నావు, కళ్ళు వాచిపోయి ఉన్నా.

ఇక 2009 మార్చి 12. గురువారమే. రెండు వేల నూట నాలుగో రోజు. నీకు పదిహేడేళ్ళు నిండబోతున్నాయి. మనం పోయి వచ్చాం, నువ్వు అమ్మను లేపుతానని లోపలికి పోయావు. ఆ తర్వాతది నేను రాయక్కర్లేదు. సమాధి దగ్గర సిద్ధమ్మ నోరు ఆపుకోలేక, ఆడబిడ్డ ఇంట్లో ఉండింటే గుక్కెడు నీళ్ళన్నా పోసుండును గదప్పా, యాడనో రోడ్డు మీద పరిగెత్తతా ఉండె అంది. నువ్వు విన్నావు. నువ్వు విన్నావని నేను చూశాను. ఆ సాయంత్రమే నీ బూట్లు తీసుకుపోయి మీ అమ్మ మీద మట్టి పోసిన చోట పాతిపెట్టి వచ్చావు. కొత్త బూట్లు, అయిదు నెలలు కూడా కాలేదు. శుక్రవారం అయిదింటికి నేను సైకిలు పట్టుకుని గేటు దగ్గర అరగంట నిలబడ్డాను. నువ్వు మీ అమ్మ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నావు. పట్టీలో ఆ గడి ఖాళీగా పోయింది.

ఒక్క మాట అడుగుతాను. నీ వల్ల పోయిందని ఈ పదహారేళ్ళలో నేను ఎప్పుడైనా అన్నానా? సిద్ధమ్మ అంది, మీ పెద్దమ్మ అంది, పాస్టరు గారి భార్య కూడా నీ తల నిమురుతూ అదే అర్థం వచ్చేట్టు అంది. నేను అనలేదు. మరొకరైతే రోజూ పొడిచేవాళ్ళు. ఆ మర్యాద నువ్వు గుర్తు పెట్టుకోలేదు.

11-04-2025, శుక్రవారం.

చివరి పేజీ. ఇందులో పనికొచ్చే విషయాలు మాత్రం రాస్తాను.

కెజియాకు ఇరవై నాలుగో తేదీ నుంచి సెలవులు. యాభై రోజుల దాకా ఉంటాయి. యాభై రోజులు తెగకుండా జరిగిన పని ఏదైనా మనిషిని పట్టుకుంటుంది, మనిషి దాన్ని పట్టుకోనక్కర్లేదు. జూన్‌లో నీ దగ్గరికి తిరిగి వచ్చిన పిల్లను నువ్వు ఆపాలన్నా ఆపలేవు. అందుకే నీకు భయం. నాకు తెలుసు.

ఏర్పాట్లు చేశాను. బూట్లు కొన్నాను, క్రిస్మస్ నాటికన్నా ఒక సైజు పెద్దవి. రాగులు, పల్లీలు, బెల్లం తెచ్చి పెట్టాను. సైకిలుకు కొత్త టైర్లు వేయించాను. చిత్తూరు పోయి కొత్త హాజరు పట్టీ తెచ్చి మొదటి గీతలో 'పి. కెజియా' అని రాసేశాను, నాలుగో తరగతి అని కూడా రాశాను. పాతది పారేయలేదు, బీరువాలో ఉంది.

ఈసారి కాఫీలూ గీఫీలూ ఏమీ లేవు, ఇంట్లో ఉపవాసం పెట్టడానికి మనిషి లేదు కదా. దానికి వేరే ఆలోచించాను. నువ్వు రోజూ ఏడింటికి ఫోను చెయ్యి. హాజరు పడి ఉంటే పిల్లకు ఇస్తాను. పడకపోతే మీ అమ్మ ఫోను చేయలేదని చెప్తాను. రెండు రోజులు ఫోను రాకపోతే మూడో రోజు అదే లేస్తుంది. నిన్ను చూస్తేనే ప్రాణం దానికి, ఆ మూడు రోజుల్లోనే కనిపెట్టాను. ఈ పద్ధతి దానికి చెప్పకు, చెబితే పనిచేయదు.

అది పతకాలు తేవాలని నాకు లేదు. నేనెప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగను. పొద్దున్నే ఆ రోడ్డు మీద నా ముందు రెండు కాళ్ళు పరిగెత్తుతుంటే చూడాలని ఉంది. పదహారేళ్ళ నుంచి నా సైకిలు ముందు ఎవరూ లేరు. ఇంత పచ్చిగా రాయకూడదేమో, రాశాను.

అల్లుడికి ఆశీస్సులు. కెజియాకు తాత ముద్దులు. పెద్దవాడిగా నిన్ను క్షమించి, తండ్రిగా నిన్ను దీవిస్తూ,

మీ నాయన,
కె. రాజారత్నం,
రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు.

తా.క. 12-04-2025, శనివారం.

నిన్న కవరు అంటించబోయి మళ్ళీ చదువుకున్నాను. అంతా బాగానే ఉంది కానీ నీ మెసేజీకి జవాబు లేదు. నువ్వు ఒక కారణం చెప్పావు, దాన్ని నేను ఖండించలేదు. ఖండించని కారణం అట్లాగే నిలబడి ఉంటుంది. అందుకని పద్ధతి తప్పి ఇంకొక పేజీ రాస్తున్నాను.

నువ్వు ఇంట్లో ఉండినా మీ అమ్మ బతికేది కాదు. ఆ రోజు నేను నాలుగూ ఇరవైకి లేచి, పొయ్యి ముట్టించమని చెబుదామని ఆమె భుజం తట్టాను. చల్లగా ఉంది. గడ్డం పట్టుకుని కదిపి చూశాను, దవడ బిగుసుకుపోయింది. నువ్వు నర్సువి, దానికి ఎన్ని గంటలు పడుతుందో నీకే బాగా తెలుసు. మనం ఇద్దరం నిద్రలో ఉండగానే పోయింది. ఎప్పటినుంచో ఉన్న ఆయాసమే ఆ రాత్రి ఎక్కువై ఉంటుంది. పిలిచిందో లేదో నాకు వినపడలేదు.

కాసేపు అక్కడే కూర్చున్నాను. తర్వాత లేచి పట్టీ చూశాను. రెండు వేల నూట మూడు హాజర్లు, మధ్యలో ఒక్క ఖాళీ లేదు. నేను కేక పెడితే నువ్వు లేస్తావు, సిద్ధమ్మ వస్తుంది, ఊరు వస్తుంది, ఆ రోజు పోతుంది. పోయినామెకు ఇంక తొందర లేదు కదా అనుకున్నాను. దుప్పటి మెడ దాకా కప్పాను. కళ్ళు సగం తెరుచుకుని ఉంటే మూశాను. నాలుగూ ముప్పావుకు నిన్ను లేపాను. ఎప్పుడూ నువ్వే లేచేదానివి, ఆ రోజు ఎందుకో లేవలేదు. అమ్మ ఇంకా లేయలేదా నాయనా అన్నావు. రాత్రంతా దగ్గింది, పడుకోనీ అన్నాను. ఆమెకు నిద్ర చెడుతుందని నువ్వు బూట్లు చేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద నడుచుకుంటూ ఆమె మంచం పక్కనుంచే బయటికి వచ్చావు. గేటు దగ్గర కూర్చుని కట్టుకున్నావు.

ఆ రోజు ఇరవై ఆరు నిమిషాల నలభై సెకన్లలో వచ్చావు. అంతకు ముందు ఎప్పుడూ అంత బాగా రాలేదు. వాచీ చూసి నేనే నమ్మలేదు. నువ్వు లోపలికి పోతుంటే ఆపుదామా అనుకున్నాను, కానీ పట్టీలో అప్పటికింకా వేయలేదు. హాజరు వేసి పెన్ను మూస్తుంటే నీ అరుపు వినపడింది.

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదంటావేమో. సిద్ధమ్మ మాట నువ్వు గట్టిగా పట్టుకున్నావని తెలిసి నేను సంతోషించాను. తప్పు చేశానని అనుకున్న పిల్ల ఆ తప్పు తీర్చుకోవడానికైనా పరిగెత్తుతుందని లెక్క వేశాను. వారమో నెలో చూద్దామనుకున్నాను, సంవత్సరాలైపోయాయి. నువ్వు అట్లా చేయలేదు. అక్కడ నా లెక్క తప్పింది, ఒప్పుకుంటున్నాను. నిన్ను నేను ఇంకొంచెం గట్టిదానివి అనుకున్నాను.

కాబట్టి నీ కారణం చెల్లదు. మీ అమ్మను నువ్వు చంపలేదు, పరుగూ చంపలేదు. పిల్లను పంపకపోవడానికి నీ దగ్గర వేరే కారణం ఏదైనా ఉంటే రాయి, చూస్తాను. లేదంటే ఇరవై ఏడో తేదీ ఆదివారం పొద్దున కెజియాను మీ సూళ్లూరుపేటలో తిరుపతి బస్సు ఎక్కించు. పదింటికి నేను తిరుపతి బస్టాండులో నిలబడి ఉంటాను.